1804 విశాఖ రేవు యుద్ధం: మూడు ఫ్రెంచి ఓడలకి ఒక్క సెంచూరియన్ ఎందుకు దొరకలేదు?

గాలివాటు

తెరచాప ఓడల కాలం అనగానే ఇక్కడ అందరూ ట్రఫాల్గర్, నెల్సన్ అంటూ మొదలుపెడతారు. మన విశాఖపట్నం ఎదురుగానే ఒక యుద్ధం జరిగింది కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేంటి? 1804 సెప్టెంబరు 15. బ్రిటిష్ వాళ్ల 50 ఫిరంగుల ఓడ హెచ్‌ఎంఎస్ సెంచూరియన్ రేవులో లంగరేసి ఉంది, పక్కన సరుకు ఎక్కించుకోవడానికి వచ్చిన రెండు వ్యాపార ఓడలు, బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్. ఉదయం పూట దక్షిణం నుంచి ఫ్రెంచి అడ్మిరల్ లినోయి వచ్చాడు, 74 ఫిరంగుల మారెంగో, 40 ఫిరంగుల అటలాంట్, 36 ఫిరంగుల సెమియాంట్ తీసుకుని. పైగా సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఆ టైమ్‌కి ఒడ్డున ఉన్నాడు, ఓడ లెఫ్టినెంట్ ఫిలిప్స్ చేతిలో ఉంది.

ఇంత తేడా ఉన్నా మధ్యాహ్నానికి ఫ్రెంచి వాళ్లు సెంచూరియన్‌ని వదిలేసి వెళ్లిపోయారు. 150 ఫిరంగులు 50 ఫిరంగుల్ని ఎందుకు మింగలేకపోయాయి? లినోయి పిరికివాడని చాలామంది రాశారు, నాకు అది అంత తేలిగ్గా నమ్మాలనిపించడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

లంగరు

ముందు ఆ 150, 50 లెక్క పక్కన పెట్టు అన్నా. ఫిరంగుల సంఖ్య కాదు, ఒక పక్క నుంచి ఒకేసారి వెళ్లే ఇనుము బరువు చూడాలి. సెంచూరియన్ 1774లో నీళ్లలోకి దిగిన ఓడ, కట్టినప్పటి లెక్క ప్రకారం కింది డెక్కులో 24 పౌండ్ల గుండ్లు వేసే ఫిరంగులు 22, పై డెక్కులో 12 పౌండ్లవి 22. ఒక పక్కకి సగం వేసుకుంటే చిన్నవి వదిలేసినా 396 పౌండ్లు, అంటే దాదాపు 180 కిలోలు. మారెంగో లాంటి ఫ్రెంచి 74 ఫిరంగుల ఓడకి కింది డెక్కులో 36 పౌండ్లవి 28, పైన 18 పౌండ్లవి 30. ఒక పక్కకి 774 వస్తుంది, అదీ ఫ్రెంచి పౌండ్లలో, ఇంగ్లీషు పౌండు కంటే అది బరువెక్కువ. సుమారు 380 కిలోలు. ఫ్రిగేట్లు (చిన్న యుద్ధనౌకలు, అంటే అటలాంట్, సెమియాంట్) రెండూ లేకుండానే మారెంగో ఒక్కటే రెట్టింపు పైన ఉంది. కాబట్టి నీ ప్రశ్న ఇంకా గట్టిదే అయింది.

చుక్కాని

ఇందులో ప్రశ్నేముంది? లినోయికి గుండె లేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో మలయా తీరం పక్కన పులో ఆరా దీవి దగ్గర ఏం చేశాడో గుర్తు చేసుకోండి. చైనా నుంచి టీ, పట్టు వేసుకుని వస్తున్న ఈస్టిండియా కంపెనీ ఓడలు, 80 లక్షల పౌండ్ల పైన విలువ చేసే సరుకు, కాపలాకి ఒక్క నేవీ యుద్ధనౌక కూడా లేదు. కమడోర్ డాన్స్ అనే వ్యాపారి కెప్టెన్ కొన్ని ఓడలకి నేవీ జెండాలు కట్టించి, తనే ఎదురెళ్తే లినోయి అవి నిజంగా యుద్ధనౌకలేమో అనుకుని వెనక్కి తిరిగాడు. వ్యాపార ఓడలు యుద్ధనౌకల్ని తరిమాయి! డాన్స్‌కి సర్ బిరుదు, లినోయికి నవ్వులపాటు. ఏడు నెలల తర్వాత విశాఖలో అదే మనిషి, అదే బుద్ధి.

పద్మ_చరిత్ర

చుక్కాని గారూ, 1801ని ఎందుకు దాటేశారు? స్పెయిన్ రేవు ఆల్జెసిరాస్‌లో జులై 6న ఇదే లినోయి మూడు పెద్ద ఓడలతో, అడ్మిరల్ సొమారెజ్ తెచ్చిన ఆరు బ్రిటిష్ పెద్ద ఓడల్ని నిలువరించాడు. ఓడల్ని లోతు తక్కువ నీళ్లలోకి, ఒడ్డు మీది ఫిరంగుల నీడలోకి తెచ్చి లంగరేశాడు. దగ్గరకి వచ్చిన బ్రిటిష్ 74 ఫిరంగుల ఓడ, హన్నిబాల్, ఇసుకలో కూరుకుపోయి కదల్లేక లొంగిపోయింది. పిరికివాడు చేసే పని కాదది.

ఇప్పుడు విశాఖ వైపు చూడండి. సెంచూరియన్ ఏం చేసింది? లంగరు తాడు కోసేసి, తెరచాపలు బిగించి, ఒడ్డు వైపు జరిగి లోతు తక్కువ చోట మళ్లీ లంగరేసింది. ఒడ్డు మీద చిన్న ఫిరంగుల బ్యాటరీ కూడా ఉంది. మూడేళ్ల కిందట లినోయి తను ఆడిన ఆట ఇప్పుడు ఎదుటివాడు ఆడుతున్నాడు. అలాంటి చోటికి చొచ్చుకెళ్లిన పెద్ద ఓడకి ఏమవుతుందో ఆ సముద్రంలో అతనికంటే బాగా తెలిసినవాడు ఇంకెవడూ ఉండడు. ఇది నా ఊహే, అతను ఇలా అనుకున్నానని రాసిపెట్టలేదు. కానీ నాకు ఇదే కుదురుతోంది.

గాలివాటు

ఇది భలే పట్టారు మేడమ్. ఆల్జెసిరాస్ సంగతి తెలుసు గానీ రెండూ కలిపి చూడలేదు.

భీమిలి బాబాయ్

నేను ఇంజిన్ ఓడల్లో చేసినవాణ్ణి, తెరచాప మీద బతకలేదు, అయినా ఈ తీరం సంగతి చెప్తాను. విశాఖకి ఇప్పుడున్న హార్బర్ 1933లో వచ్చింది. అంతకు ముందు ఓడ అంటే బయట సముద్రంలో లంగరేసుకుని నిలబడాల్సిందే, సరుకంతా పడవల మీద కెరటాలు దాటించాలి. ఆ యుద్ధం రోజుల్లో ఒక్క విశాఖే కాదు, మద్రాసు దాకా అంతే. మేకులు లేకుండా కొబ్బరి తాడుతో చెక్కలు కుట్టిన మసూలా పడవలు అందుకే వాడేవారు, కెరటం కొట్టినా చెక్క విరక్కుండా వంగుతుంది. కెప్టెన్ లిండ్ ఒడ్డున ఉన్నాడంటే సరదాకి కాదు, ఆ వ్యాపార ఓడల సరుకు పని తొందర పెట్టడానికి దిగాడు. యుద్ధం మధ్యలో ఎలాగో పడవ ఎక్కి తన ఓడ చేరుకున్నాడు. పైన గుండ్లు, కింద కెరటాలు. అదొక్కటే చాలు ఆయనకి సలాం కొట్టడానికి.

ఇక బార్నబీ. తాడు కోసుకుని ఒడ్డుకి పోదామని చూసింది, కెరటాల్లో పడి బద్దలైంది. ప్రిన్సెస్ షార్లెట్ పెద్దగా పోరాటం లేకుండానే జెండా దించేసి లొంగిపోయింది, ఫ్రెంచి వాళ్లు పట్టుకుపోయారు.

74 ఫిరంగుల ఓడకి అడుగున దాదాపు 7 మీటర్ల నీరు కావాలి. తెలియని తీరం, చేతిలో సరైన చార్టు లేదు, ఇసుక తిన్నెలు ఏటేటా జరుగుతాయి. ఆ పరిస్థితిలో దగ్గరకి వెళ్లు అని నాకు ఎవడైనా ఆర్డరేస్తే నేను కూడా ముందు సీసం గుండు కట్టిన తాడు వేసి లోతు చూసుకుంటా.

చుక్కాని

బాబాయ్, లోతు చూసుకోవడం వేరు, మైలు దూరాన లంగరేసి రెండు గంటలు గుండ్లు వేస్ట్ చేసి ఇంటికి పోవడం వేరు.

లంగరు

మైలు దూరం అన్నావు చూడు, అసలు విషయం అక్కడుంది. ఆ కాలపు ఫిరంగికి లోపల గీతలు ఉండవు, గొట్టం నున్నగా ఉంటుంది, గుండు గొట్టం కంటే కొంచెం సన్నగా ఉంటుంది, కాల్చినప్పుడు లోపల అటూ ఇటూ తగులుకుంటూ బయటికొస్తుంది. 300, 400 గజాల్లో అయితే పని చేస్తుంది. మైలు దూరంలో, ఓడ ఊగుతుంటే, తగిలిందంటే అదృష్టమే. అందుకే అంతసేపు కాల్చుకున్నా సెంచూరియన్‌లో చనిపోయింది ఒక్కడు, గాయపడింది తొమ్మిది మంది. తాళ్లు, తెరచాపలు మాత్రం బాగా చిరిగాయి.

ఎలా కాల్చేవాళ్లో కొత్తవాళ్ల కోసం రాస్తున్నా, తెలిసినవాళ్లు దాటేయండి. 24 పౌండ్ల ఫిరంగి ఒక్కటే రెండున్నర టన్నులు ఉంటుంది, చిన్న చక్రాల చెక్క బండి మీద. దాని చుట్టూ పది పన్నెండు మంది. ముందు తడి స్పాంజి కర్రతో గొట్టం లోపల తుడవాలి, నిప్పురవ్వ మిగిలిందా తర్వాత పెట్టే మందు సంచి చేతిలోనే పేలుతుంది. తర్వాత బట్ట సంచిలో తుపాకి మందు, దాని మీద గుండు, అది జారకుండా పీచు ముద్ద, ఒక్కోటీ కర్రతో దట్టించాలి. అప్పుడు అందరూ తాళ్లు పట్టి లాగి ఫిరంగి మూతిని కిటికీలోంచి బయటికి తోయాలి. వెనక చిన్న రంధ్రంలోంచి సంచికి సూదితో చిల్లు, అందులో సన్న మందు, గురి, కాల్పు. కాల్చగానే రెండున్నర టన్నులూ వెనక్కి దూకుతాయి, ఓడ గోడకి కట్టిన లావు మోకు ఒక్కటే దాన్ని ఆపుతుంది. మోకు తెగితే ఆ ఫిరంగి శత్రువు కంటే ప్రమాదం. ఇదంతా బాగా తర్ఫీదైన బృందం నిమిషంన్నర, రెండు నిమిషాల్లో చేసేది, మొదట్లో మాత్రమే. అరగంట అయ్యాక మనుషులు అలిసిపోతారు, పొగలో పక్కవాడు కనపడడు, వేగం పడిపోతుంది.

కొత్తసభ్యుడు

అన్నా ఒక డౌట్. గుండు అంటే పేలే బాంబు కాదా? సినిమాల్లో తగలగానే మంటలొస్తాయి కదా.

లంగరు

కాదు తమ్ముడూ. మామూలు గుండు అంటే ముద్ద ఇనుము, పేలదు. అది ఓడ గోడలోంచి దూసుకొచ్చేటప్పుడు లోపలి వైపు చెక్క పగిలి ఈటెల్లా పేళ్లు లేస్తాయి, మనుషుల్ని ఎక్కువగా చీల్చేది ఆ పేళ్లే. పేలే గుండ్లు ఉండేవి గానీ ప్రత్యేకమైన మోర్టారు ఓడలే కోటల మీదకి వేసేవి. తాళ్లు తెంపడానికి రెండు సగం గుండ్ల మధ్య గొలుసో ఇనుప కడ్డీయో పెట్టినవి వేరే. మనుషుల మీదకైతే రేకు డబ్బాలో చిన్న గుండ్లు నింపి కొట్టేవారు. ఫ్రెంచి వాళ్లు ఎక్కువగా ఎదుటి ఓడ మాస్టుల (తెరచాప స్తంభాల) మీదకి గురిపెట్టేవారు, ఇంగ్లీషు వాళ్లు ఓడ నడుము మీదకి. నూటికి నూరుసార్లు కాదు, అలవాటుగా.

డెక్కుకింద

మీరంతా ఫిరంగులు, అడ్మిరళ్లు అంటున్నారు, ఆ తాళ్లు లాగిన మనుషుల సంగతి ఎవరూ ఎత్తరేం? ఊయల పడక కట్టుకోవడానికి ఒక్కో నావికుడికి ఇచ్చే వెడల్పు 14 అంగుళాలు. సగం మంది ఎప్పుడూ డ్యూటీలో ఉంటారు కాబట్టి నిజంగా దొరికేది దానికి రెట్టింపు, అదొక్కటే ఊరట. తిండి రోజుకి ఒక పౌండు బిస్కెట్టు, అందులో పురుగులు ఫ్రీ, ఉప్పులో ఊరేసిన గొడ్డు మాంసం లేదా పంది మాంసం, బఠాణీలు. రమ్ము రోజుకి అర పైంటు, నీళ్లు కలిపి ఇచ్చేవారు. మన వైపు సముద్రాల్లో రమ్ము బదులు సారా పోసేవారు. ఆ పని చేసేవాడికి ఆ చుక్క కూడా లేకపోతే తిరగబడతాడని ఆఫీసర్లకి తెలుసు.

పైగా సగం మందిని బలవంతంగా పట్టుకొచ్చేవారు, ప్రెస్ గ్యాంగ్ అనేవాళ్లు. రేవుల్లోనే కాదు, నడి సముద్రంలో వ్యాపార ఓడ ఎక్కి మంచి నావికుల్ని ఏరుకుని తీసుకుపోయేవారు. ఈస్టిండియా కంపెనీ ఓడల మీద తెల్ల నావికులు తగ్గిపోయి మన కళాసీలతో నడవడానికి ఇదొక కారణం. సరంగు, టండేలు (కళాసీల మేస్త్రీలు) లేకపోతే ఆ ఓడలు చాలావరకు రేవు కదిలేవి కాదు. వాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా కనపడవు, జీతాల లెక్కల్లో తప్ప.

ఇంకొకటి. ఏడేళ్ల యుద్ధంలో బ్రిటిష్ నేవీ లెక్క ఒకటి బాగా తిరుగుతుంది: సుమారు 1 లక్షా 85 వేల మందిని తీసుకుంటే యుద్ధంలో చచ్చినవాళ్లు 1,500 చిల్లర, రోగాలతో పోయినవాళ్లు, పారిపోయినవాళ్లు కలిపి 1 లక్షా 33 వేల పైన. ఫ్రెంచి వాడి గుండు కంటే ఎల్లో ఫీవర్, టైఫస్, స్కర్వీ (తాజా పళ్లు, కూరలు లేక వచ్చే రోగం) పెద్ద శత్రువులు.

కొత్తసభ్యుడు

స్కర్వీ అంటే గుర్తొచ్చింది, దానికి నిమ్మకాయ మందని కనిపెట్టిన జేమ్స్ లిండ్ ఈయనేనా? విశాఖలో ఆయనే కెప్టెనా?? 😮

పద్మ_చరిత్ర

పేరొకటే, మనిషి వేరు. డాక్టర్ జేమ్స్ లిండ్ 1747లో హెచ్‌ఎంఎస్ సాల్స్‌బరీ మీద 12 మంది రోగుల్ని జంటలుగా విడదీసి తలా ఒక మందు ఇచ్చి చూశాడు, నారింజ, నిమ్మ తిన్నవాళ్లు ముందు లేచారు. ఆయన 1794లోనే పోయాడు. నేవీ అంతా నిమ్మరసం ఇవ్వడం మొదలెట్టింది 1795లో. ప్రయోగానికీ ఆర్డరుకీ మధ్య నలభై ఎనిమిదేళ్లు, గవర్నమెంటు ఫైలు ఏ దేశంలో అయినా అంతే. విశాఖ కెప్టెన్ లిండ్‌కి ఈ యుద్ధం తర్వాత సర్ బిరుదు వచ్చింది.

కోరంగి కుర్రాడు

అసలు కారణం ఎవరూ ముట్టుకోలేదు, రిపేరు! మారెంగో మాస్టు ఒకటి విరిగిందనుకోండి, ఎక్కడికి వెళ్తుంది? పాండిచ్చేరి 1803లో మళ్లీ బ్రిటిష్ వాళ్ల చేతిలోకి పోయింది. శ్రీలంకలోని ట్రింకోమలీ రేవు 1795 నుంచి వాళ్లదే. ఫ్రెంచి వాళ్లకి మిగిలింది ఇల్ ద ఫ్రాన్స్, అంటే ఇప్పటి మారిషస్, హిందూ మహాసముద్రానికి ఆ చివర. అక్కడ కూడా పెద్ద మాస్టుకి పనికొచ్చే కలప, తాళ్లు, తారు సరిగ్గా దొరకవు, యూరప్ నుంచి రావాలి. మధ్యలో ఎక్కడ బ్రిటిష్ పెద్ద ఓడ కనపడినా కుంటి ఓడకి తప్పించుకునే దారి లేదు. లినోయి తర్వాత చెప్పుకున్న సమాధానం కూడా ఇదే, ఓడలు దెబ్బతింటే బాగు చేసుకునే చోటు లేదు, నాకిచ్చిన పని వ్యాపార ఓడల మీద దాడి అని.

బ్రిటిష్ వాళ్లకైతే బొంబాయి డాక్ ఉంది, వాడియాలనే పార్సీ కుటుంబం వాళ్లు టేకుతో ఓడలు కడుతున్నారు. 1817లో అక్కడ నీళ్లలోకి దిగిన ట్రింకోమలీ అనే ఫ్రిగేట్ ఇప్పటికీ ఇంగ్లండులో హార్టిల్‌పూల్ దగ్గర నిలబడి ఉంది, మన టేకు సత్తా అది. మా కోరంగిలో కూడా ఓడలు కట్టేవారు, రిపేరు చేసేవారు, 1802లో హెచ్‌ఎంఎస్ ఆల్బట్రాస్ అక్కడే బాగుచేయించుకుంది. 1789, 1839 తుఫాన్లు, గోదావరి ఒండ్రు కలిసి మా ఊరిని మింగేశాయి గానీ లేకపోతే ఈ ఫోరంలో నాకు ఇంత లోకువ ఉండేది కాదు 😀

భీమిలి బాబాయ్

కోరంగి అబ్బాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు. డాక్ లేని ఓడ కెప్టెన్ మనసు వేరేగా పనిచేస్తుంది, ఏ చిన్న శబ్దం వచ్చినా టెన్షనే. మీరు ఒడ్డున కూర్చుని ధైర్యం కొలవకండి.

ఆ టేకు సంగతికి ఇంకోటి కలుపుతా. వేడి నీళ్ల సముద్రంలో ఓడ అడుగుని తొలిచేసే పురుగు ఉంటుంది, ఓక్ చెక్కని జల్లెడ చేసేస్తుంది. అందుకే 1780 నుంచి బ్రిటిష్ నేవీ ఓడల అడుగున రాగి రేకులు కొట్టించింది. పురుగు ఆగింది, పైగా నాచు పట్టక ఓడ వేగం పెరిగింది.

చుక్కాని

సరే, మాస్టు, మారిషస్, ఇసుక తిన్నెలు అన్నీ ఒప్పుకుంటా. అయినా నెపోలియన్‌కే నచ్చలేదు కదా. నాలుగు చెక్క ముక్కలు పోతాయని చూసుకున్నాడు, ఫ్రాన్సు పరువు చూడలేదన్న అర్థంలో తిట్టాడు. మూడు ఓడలు మూడు పక్కల నుంచి మీద పడి ఉంటే, ఎక్కి పట్టుకుని ఉంటే అరగంటలో అయిపోయేది. ఫ్రిగేట్లు రెండూ మొదట్లోనే గట్టిగా అంటిపెట్టుకుని ఉండాల్సింది. అటలాంట్ దగ్గరకి వెళ్లింది, తర్వాత ఎవరికి వాళ్లే అయిపోయారు, సెమియాంట్ పట్టుబడ్డ ఓడ వెనక పడింది.

పద్మ_చరిత్ర

ఇంకో వైపు నుంచి అడుగుతా, ఇంతకీ గెలిచిందెవరు? సెంచూరియన్ పని ఆ రెండు వ్యాపార ఓడల్ని కాపాడడం. ఒకటి బద్దలైంది, ఒకటి శత్రువు చేతికి పోయింది. లినోయి వచ్చింది వ్యాపార ఓడల కోసం, ఒకటి దొరికింది, ఒకటి నాశనమైంది, తన మూడు ఓడలూ నడిచే స్థితిలో ఉన్నాయి. పని లెక్కలో చూస్తే లినోయిదే పైచేయి. కానీ లండన్‌లో లిండ్‌కి బిరుదు, పారిస్‌లో లినోయికి తిట్లు. మర్యాద కొలిచే త్రాసు ఇద్దరికీ ఒకటే, పెద్ద యుద్ధనౌక జెండా దించిందా లేదా అని. ప్రిన్సెస్ షార్లెట్ మీదున్న వాళ్లని ఎవరూ అడగలేదు.

గాలివాటు

మేడమ్ మీరు థ్రెడ్ తలకిందులు చేసేశారు 😀 నేను సెంచూరియన్ గెలిచిందనే అనుకుని మొదలుపెట్టా.

లంగరు

పద్మ గారి మాటతో నాకు ముప్పావు వంతు ఒప్పుదల. మిగతా పావు ఏంటంటే, బంగాళాఖాతంలో ఆ సమయంలో కంపెనీ ఓడలు ఎక్కడెక్కడో చెదిరి ఉన్నాయి. సెంచూరియన్ కూడా పోయి ఉంటే ఆ వార్తకే మద్రాసులో బీమా రేట్లు, రవాణా ఖర్చులు పైకెగిరేవి. సూరేకారం సంగతి కూడా ఉంది. తుపాకి మందులో నాలుగింట మూడొంతులు సూరేకారమే, అది బ్రిటన్‌కి ఎక్కువగా బీహారు నుంచి ఈ బంగాళాఖాతం మీదుగానే వెళ్లేది. నేవీ ఫిరంగుల కడుపు నింపేది ఈ దారే.

చుక్కాని

నేను లినోయిని వదలను. 1806 మార్చి 13 తెల్లవారుజామున, ఫ్రాన్సుకి తిరిగి వెళ్తూ అట్లాంటిక్‌లో చీకట్లో కొన్ని తెరచాపలు చూశాడు. ఈసారి వ్యాపార ఓడలే అనుకుని మీదకి వెళ్లాడు. అవి అడ్మిరల్ వారెన్ యుద్ధనౌకలు, ముందున్నది 98 ఫిరంగుల లండన్! మారెంగో, దాని తోడున్న ఫ్రిగేట్ బెల్ పూల్ రెండూ పట్టుబడ్డాయి. పులో ఆరాలో వ్యాపార ఓడల్ని యుద్ధనౌకలనుకున్నాడు, ఇక్కడ యుద్ధనౌకల్ని వ్యాపార ఓడలనుకున్నాడు. అటలాంట్ అప్పటికే, 1805 నవంబరులో, ఆఫ్రికా దక్షిణ కొసన కేప్ దగ్గర ఒడ్డుకి కొట్టుకుని పోయింది. కళ్లజోడు పంపాల్సింది నెపోలియన్.

డెక్కుకింద

ఆ మారెంగో మీద గంటల తరబడి కొట్లాడి, గాయపడే దాకా జెండా దించలేదు, అది కూడా రాయి చుక్కానీ. 1814 దాకా ఇంగ్లండులో ఖైదీగా ఉన్నాడు, నెపోలియన్ ఖైదీల మార్పిడికి కూడా అడగలేదు.

చుక్కాని

రాశావుగా, సరే. పారిస్ విజయ తోరణం మీద అతని పేరు చెక్కారు, అది ఆల్జెసిరాస్ పుణ్యం. విశాఖ పుణ్యం కాదు.

కోరంగి కుర్రాడు

సెంచూరియన్ చివరికి ఏమైంది? ఎవరూ చెప్పలేదు.

పద్మ_చరిత్ర

కెనడాలో హాలిఫాక్స్ రేవుకి తీసుకెళ్లి ఆసుపత్రి ఓడగా, సామాను ఓడగా వాడారు. 1824లో తాళ్లతో కట్టి ఉంచిన చోటే మునిగిపోయింది, పైకి లేపి మరుసటి ఏడాది విడగొట్టేశారు.

గాలివాటు

థాంక్స్ అందరికీ. వచ్చే థ్రెడ్ 1782, 83లో ఫ్రెంచి అడ్మిరల్ సుఫ్రాన్, బ్రిటిష్ అడ్మిరల్ హ్యూస్ ఇదే తీరంలోనూ శ్రీలంక దగ్గరా చేసిన ఐదు యుద్ధాల మీద పెడదామా? సద్రాస్ నుంచి కడలూరు దాకా. లంగరు అన్నా, ఆ ఓడల ఫిరంగుల లెక్కలు నువ్వే వేయాలి. చుక్కాని, సుఫ్రాన్‌ని మాత్రం పిరికివాడని అనకు, బాబాయ్‌కి బీపీ పెరుగుతుంది.

భీమిలి బాబాయ్

పెట్టరా అబ్బాయ్. ముందు ఆ ఐదు యుద్ధాల్లో అక్టోబరు వచ్చేసరికి రెండు నౌకాదళాలూ ఈ తీరం ఎందుకు ఖాళీ చేసి పారిపోయేవో ఒక పోస్టు రాయి, ఈశాన్య రుతుపవనం దెబ్బ తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు.